టిక్కీ అంటే ఎన్ని కిలోలు?

మే నెల. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చేశారు. నేను అప్పట్లో ఊరి బయట ఒక కారం మిల్లులో ప్లానింగ్ చూసేవాణ్ణి. ఆ వారం 9 టన్నుల ఎండుమిర్చి మర పట్టాలి. కంప్యూటర్‌లో చూస్తే సరుకు సరిగ్గా సరిపోయేంత ఉంది: 200 టిక్కీలు (మిర్చి బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు), టిక్కీకి 45 కిలోలు, వెరసి 9,000 కిలోలు. మూడో రోజు మధ్యాహ్నానికి గోదాము ఖాళీ అయిపోయింది. మరకెక్కింది లెక్కేస్తే 8 టన్నులే. మిగతా టన్ను ఏమైనట్టు?

మొదట అందరికీ దొంగతనం మీదికే అనుమానం పోయింది. గేటు రిజిస్టరు తిరగేశాం, కెమెరాలు చూశాం, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌ను ఆయన ఏడ్చేదాకా ప్రశ్నలడిగాం. ఆ పాపం ఇప్పటికీ నన్ను వదల్లేదు. సాయంత్రానికి అసలు సంగతి తేలింది. ఆ లాటు టిక్కీల్లో ఉన్నది 45 కిలోలు కాదు, 40. స్టోర్స్ చూసే పెద్దాయన చల్లగా అన్నమాట ఇది: "నలభై కేజీల టిక్కీలని నాకు తెలుసు బాబూ, దింపించింది నేనేగా. కాకపోతే నన్నెవరడిగారు?"

సరుకు కొన్నప్పుడు కాటా వేసే కొన్నారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టినప్పుడు మాత్రం బస్తాల లెక్కన పెట్టారు, బయటికి తెచ్చినప్పుడూ బస్తాల లెక్కనే తెచ్చారు. బస్తాను కిలోల్లోకి మార్చే పని కంప్యూటర్‌ది. ఎప్పుడో ఎవరో ఆ గడిలో 45 అని కొట్టి వెళ్లిపోయారు. అది అప్పటి లాటుకు నిజమే అయి ఉంటుంది. కంప్యూటర్ 200ను 45తో పెట్టి హెచ్చవేసింది, హెచ్చవేతలో తప్పేమీ లేదు.

ఫ్యాక్టరీల్లో "మెటీరియల్ మాస్టర్" అని ఒకటుంటుంది. వాడే ప్రతి సరుకుకూ ఒక కోడు, ఆ కోడు కింద దాని పేరు, యూనిట్, ఎవరి దగ్గర కొంటాం, ఎన్ని రోజులకు వస్తుంది, ఒక్కసారి ఎంత కొనాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఎంత తరుగు పోతుంది, ఇలా పదుల కొద్దీ గడులు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఒక్క సరుకుకే వందకు పైగా గడులుంటాయి. చాలామంది దీన్ని డేటా ఎంట్రీ కుర్రాడి పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ మే నెల దాకా.

కవరు మీది ఎంఆర్‌పీ కాదు

కారం ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ అంటే గరిష్ఠ చిల్లర ధర. ప్లానింగ్ వాళ్ల ఎంఆర్‌పీ వేరు: మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్. మిల్లులో ఈ రెండు మాటలూ కలగలిసి మీటింగుల్లో తమాషాగా ఉండేది. "ఎంఆర్‌పీ రన్ చేశావా?" అని మేనేజరడిగితే, కొత్తగా చేరిన సేల్స్ కుర్రాడు రేటు పెంచుతున్నారనుకుని డీలర్లకు ఫోన్లు చేసేశాడు.

దీని వెనక ఉన్న ఆలోచన 1960ల్లో అమెరికాలో రూపు దిద్దుకుంది. ఐబీఎంలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ దీన్ని ముందుకు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. 1975లో ఆయన పుస్తకం రాశాక ప్రపంచమంతా పాకింది. ఆయన చెప్పిన కీలకమైన సంగతి ఒక్కటే. సరుకులు రెండు రకాలు. ఎంత కావాలో బజారు నిర్ణయించేవి ఒకటి. కారం ప్యాకెట్లు ఎన్ని అమ్ముడవుతాయో అంచనా వేయాల్సిందే. రెండోది ఆ ప్యాకెట్ కోసం కావలసినవి: మిర్చి, కవరు, అట్టపెట్టె. వీటికి అంచనాలక్కర్లేదు, లెక్క చాలు. పది వేల ప్యాకెట్లు చేయాలని తేల్చుకున్నాక కవర్లెన్ని కావాలో ఊహించడమెందుకు? పది వేలు కావాలి, చిరిగిపోయేవి అదనం.

అంతకుముందు అన్ని సరుకులకూ ఒకటే పద్ధతి ఉండేది: నిల్వ ఇంతకన్నా తగ్గితే ఇంత కొను. కిరాణా కొట్టులో మనం చేసేదీ అదే. ఆర్లికీ దారి వేరు. ఏం చేయాలో ముందు తేల్చుకో, దానికి ఏమేం కావాలో విడగొట్టు, ఉన్నది తీసెయ్యి, రావలసినది తీసెయ్యి, మిగిలింది ఎన్ని రోజుల ముందు చెప్పాలో వెనక్కి లెక్కపెట్టు. ఐదు మెట్లంతే, ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. కాకపోతే వెయ్యి సరుకులకు రోజూ చేయాలి కాబట్టి కంప్యూటర్ కావలసి వచ్చింది.

ప్రతి మెట్టుకూ అంకె వచ్చేది మాస్టర్ నుంచే. విడగొట్టడానికి ఫార్ములా కావాలి, తీసేయడానికి యూనిట్ సరిగా ఉండాలి, వెనక్కి లెక్కపెట్టడానికి రోజులు కావాలి. వీటిలో ఏది కంప్యూటర్‌కు దానంతటది తెలుసు? ఏదీ తెలియదు. మనం చెప్పిందే దానికి వేదం.

వంద గ్రాముల ప్యాకెట్ వెనక

ఒక లెక్క చేద్దాం. 100 గ్రాముల కారం ప్యాకెట్లు 10,000 కావాలి. అంటే 1,000 కిలోల కారం. టిక్కీ 40 కిలోలైతే 25 టిక్కీలు దింపితే చాలనిపిస్తుంది.

చాలవు. మరలో కొంత దుమ్ముగా ఎగిరిపోతుంది, వేడికి కొంత తేమ ఆరిపోతుంది. ఆ తరుగు 3 శాతం అనుకుందాం. అప్పుడు మరలో వేయాల్సింది 1,000ని 0.97తో భాగిస్తే వచ్చేది, సుమారు 1,031 కిలోలు. ఆ మిర్చి తొడిమలు తీసినది. తొడిమలు, తాలు కాయలు, మట్టి కలిపి 6 శాతం పోతుందనుకుంటే 1,031ని 0.94తో భాగించాలి: దాదాపు 1,097 కిలోలు. టిక్కీల్లో చెబితే 27 చాలవు, 28 దింపాలి. పాతిక టిక్కీలతో మొదలుపెట్టినవాడికి దాదాపు క్వింటాలు తక్కువ పడుతుంది. అదీ చివరి షిఫ్టులో, ప్యాకింగ్ లైన్ మీద మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 6 శాతం పోతుందంటే 6 శాతం ఎక్కువ తీసుకుంటే సరిపోతుందనుకుంటారు. వందకు ఆరు కలిపితే 106. అందులో ఆరు శాతం పోతే మిగిలేది 99.64. చిన్న తేడానే. అదే 20 శాతం తరుగుండే సరుకైతే? వందకు ఇరవై కలిపి 120 తెస్తే, ఇరవై శాతం పోయాక 96 మిగులుతుంది. పచ్చళ్ల వాళ్లకు గోంగూర దగ్గర ఈ బాధ బాగా తెలుసు. కాడలు పోగా ఆకెంత మిగులుతుంది, అది వేయిస్తే ఎంతవుతుంది! పైగా గోంగూర కట్టల లెక్కన వస్తుంది, కట్ట ఏ రోజు ఎంత లావుంటుందో అమ్మేవాళ్లకే తెలియాలి. సాఫ్ట్‌వేర్లలో తరుగు రాసే గడులు రెండు మూడు చోట్ల ఉంటాయి: వస్తువు దగ్గర ఒకటి, ఫార్ములాలో ఒకటి, పని జరిగే మెషిన్ దగ్గర ఇంకొకటి. ఒకే తరుగును రెండు చోట్ల రాస్తే రెండుసార్లు కలుపుతుంది. కలపడం ఆగాలంటే మనిషి కళ్లు పెట్టి చూడాలి.

ఈ ఫార్ములానే బీఓఎం అంటారు, అంటే బిల్ ఆఫ్ మెటీరియల్స్. వంటింట్లో కొలతల చీటీ లాంటిది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చోటికి వెళ్లి బీఓఎం చూపించమంటే నవ్వుతారు. ఛాసిస్ పొడవు చూసి ఎన్ని ఛానళ్లు, ఎంత రేకు, ఎన్ని చెక్కలు, ఎన్ని బోల్టులు కావాలో మేస్త్రి నిలబడ్డచోటే చెప్పేస్తాడు. చాలాసార్లు కరెక్టే చెబుతాడు. ఆ బీఓఎం కాగితం మీద లేదు, ఆయన తలలో ఉంది. ఒక బండి కట్టేటప్పుడు ఇబ్బందేం లేదు. ఒకేసారి ఇరవై బళ్లు వరసలో ఉండి, అందులో ఐదింటికి కస్టమర్ టిప్పర్ కావాలంటే, ఆ మేస్త్రి అదే వారం కూతురి పెళ్లికి సెలవు పెడితే, అప్పుడు కాగితం గుర్తుకొస్తుంది.

సాంబారు పొడి లాంటి వాటిలో ఇంకో తిరకాసుంది. ధనియాలు వేయించి, వేడి తగ్గాక నేరుగా మరలో వేస్తారు. "వేయించిన ధనియాలు" అనేది గోదాములో ఎప్పుడూ నిల్వ ఉండదు. దానికి కోడు పెట్టాలా వద్దా? పెట్టకపోతే ఫార్ములా అర్థం కాదు. మామూలు సరుకులా పెడితే కంప్యూటర్ రోజూ దానికో ఆర్డరు వేస్తుంది, స్టోర్స్ వాళ్లు దాన్ని తీసుకున్నట్టు, ఇచ్చినట్టు కాగితాలు రాయాలి. అందుకని పేరుకు మాత్రమే ఉండే ఐటమ్‌గా దాన్ని గుర్తు పెడతారు. ఫాంటమ్ అంటారు, దెయ్యం అన్నమాట. కంప్యూటర్ దాన్ని దాటుకుని కింద ఉన్న పచ్చి ధనియాల దగ్గరికి వెళ్లిపోతుంది. మా దగ్గర ఈ గుర్తు పెట్టక ఏడాది పాటు "వేయించిన ధనియాలు" స్టాక్ మైనస్‌లో నడిచింది. ఆడిటరు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

కిలో కూడా కదులుతుంది

టిక్కీ గొడవ తర్వాత అందరం ఒక నిర్ణయానికొచ్చాం: ఇకమీదట అన్నీ కిలోల్లోనే. మంచి నిర్ణయమే. అసలు యూనిట్ కిలో. బస్తాలు కేవలం లెక్కపెట్టుకోవడానికి. అయినా సమస్య పూర్తిగా పోలేదు, ఎందుకంటే మిర్చి బరువు నిలకడగా ఉండదు.

12 శాతం తేమతో 1,000 కిలోల మిర్చి కొన్నారనుకోండి. అందులో నీళ్లు 120 కిలోలు, అసలు పదార్థం 880. ఎండాకాలం షెడ్డులో ఉండి తేమ 9 శాతానికి దిగితే, ఆ 880 కిలోలు ఇప్పుడు మొత్తంలో 91 శాతం. అంటే మొత్తం బరువు 967. ఎవరూ ముట్టుకోకుండానే 33 కిలోలు పోయాయి. నట్లూ బోల్టులూ చేసే ఫ్యాక్టరీ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఇది వింతగా ఉంటుంది, దాని దృష్టిలో నిన్న వెయ్యి ఉన్న బోల్టులు ఇవాళా వెయ్యే ఉండాలి.

అందుకే మాస్టర్‌లో ఉండాల్సిన సంగతులు వేరు, లాటు మీద ఉండాల్సిన సంగతులు వేరు. ఏ సంవత్సరం కొన్నా, ఎవరి దగ్గర కొన్నా మారనివి మాస్టర్‌లో ఉండాలి: అది తేజ రకం, కిలోల్లో లెక్క, కోల్డ్ స్టోరేజీలో దాచాలి. లాటు లాటుకూ మారేవి లాటు దగ్గర రాసుకోవాలి: బస్తా బరువు, తేమ, రంగు, ఘాటు, ఏ గదిలో ఉంది. మా 45 చేసిన తప్పు అదే. అది ఒక లాటు సంగతి. దాన్ని ఎవరో తీసుకెళ్లి రకం మొత్తానికి అంటగట్టారు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో బస్తా-కిలో మార్పిడిని లాటు వారీగా పెట్టుకునే వీలుంది. చిన్న మిల్లులో అంత అక్కర్లేదు. లారీ దిగేటప్పుడు పది టిక్కీలు కాటా మీద పెట్టి, సగటు చీటీ మీద రాసి, ఆ కిలోలే ఎంట్రీ చేస్తే చాలు. హమాలీలు కాసేపు గొణుగుతారు.

రోజుల గడి

అన్నిటికన్నా ఎక్కువ అబద్ధాలుండేది లీడ్ టైమ్ గడిలో. ఆర్డరు పెట్టిన రోజు నుంచి సరుకు వాడటానికి సిద్ధమయ్యే రోజు దాకా ఎన్ని రోజులు? సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టేటప్పుడు ఈ గడి ఖాళీగా వదలనివ్వకపోతే అందరూ 1 అని కొట్టేస్తారు. తర్వాత మార్చుకుందాం అంటారు. ఆ తర్వాత రాదు. మూడేళ్ల తర్వాత చూస్తే అగరుబత్తీలకీ 1, మోటారుకీ 1.

ప్రింటెడ్ కవరు సంగతి తీసుకుందాం. కొనుగోళ్ల సెక్షన్‌ను అడిగితే "పదిహేను రోజులండీ" అంటారు. అది ప్రింటింగ్ వాళ్లు తమ పనికి చెప్పే గడువు మాత్రమే. ఇండెంట్ మీద, అంటే కొనమని అడిగే కాగితం మీద, యజమాని సంతకం కావడానికి 3 రోజులు, హైదరాబాద్ నుంచి లారీ రావడానికి 2, మన దగ్గర రంగూ సీలూ చూడటానికి 1. కలిపితే 21. కొత్త డిజైనైతే సిలిండర్లు చేయించాలి, దానికి వేరే పది రోజులు. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. శాప్ (SAP) లాంటి సాఫ్ట్‌వేర్‌లో బయటి నుంచి వచ్చే సరుకుకు రాసే రోజులు క్యాలెండర్ రోజులు, ఆదివారాలతో సహా. వచ్చాక పరీక్షకు రాసే రోజులు, లోపల తయారీకి రాసే రోజులు మాత్రం పనిరోజులు. రెండూ పక్కపక్క గడుల్లోనే ఉంటాయి. ఈ తేడా తెలియక నేనే ఒక సంక్రాంతికి నాలుగు రోజులు తప్పాను.

తక్కువ రాస్తే లైన్ ఆగుతుంది. మరి ఎక్కువ రాస్తే? ఇక్కడ మనుషుల భయాలు బయటపడతాయి. ప్రింటింగ్ వాళ్లు పదిహేను అంటే, కొనుగోళ్లాయన మాట రాకుండా ఇరవై అని చెబుతాడు. స్టోర్స్ వాళ్లు ఎందుకైనా మంచిదని సేఫ్టీ స్టాక్, అంటే అదనంగా ఉంచుకునే నిల్వ, పెంచుతారు. ప్లానింగ్ వాడు ఇంకో వారం ముందే ఆర్డరు వేస్తాడు. తలా ఒక చెయ్యి వేస్తారు, ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదు. చివరికి గోదాములో నడవడానికి దారి ఉండదు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ నిండిపోతుంది, అందులోనూ కావలసిన సైజు కవరు మాత్రం ఉండదు. నా అభిప్రాయం ఏమిటంటే రోజుల గడిలో నిజం రాయాలి, భయాన్ని సేఫ్టీ స్టాక్ అనే ఒక్క గడిలోనే రాయాలి. అప్పుడు మన భయం ఖరీదెంతో కనీసం కంటికి కనబడుతుంది.

ఎంత కొనాలనేది ఇంకో గడి. కావలసినంతే కొనొచ్చు, లేదా వారానికి సరిపడా, లేదా సప్లయర్ పెట్టిన కనీస పరిమాణం. కొనే ఖర్చునూ దాచే ఖర్చునూ తూచి ఒక్కసారి ఎంత కొంటే లాభమో చెప్పే సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ అనే ఆయన 1913లోనే రాశాడు. మన దగ్గర మాత్రం ప్రింటింగ్ వాళ్ల కనీస ఆర్డరే సూత్రం. ఒక్కో కవరు 2.5 గ్రాములనుకుంటే పది వేల ప్యాకెట్లకు 25 కిలోల ఫిల్మ్, వేస్టేజీతో 26. వాళ్లు ఒక డిజైన్‌కు 300 కిలోలకు తక్కువైతే మెషిన్ ఎక్కించం అంటే? 11 బ్యాచ్‌లకు పైగా సరిపోయే ఫిల్మ్ కొన్నట్టు. నెలకు రెండు బ్యాచ్‌లు నడిచే ప్యాకెట్‌కు అది దాదాపు ఆరు నెలల సరుకు. ఈ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

మిర్చికి ఎంఆర్‌పీ పెట్టొచ్చా?

గుంటూరులో ఈ సాఫ్ట్‌వేర్లు అమ్మడానికొచ్చే కన్సల్టెంట్లను నేనడిగే మొదటి ప్రశ్న ఇది. మిర్చికి లీడ్ టైమ్ ఎంత రాస్తారు?

అట్టపెట్టెకైతే జవాబుంది. ఫోన్ చేస్తే వారానికొస్తుంది, ఏడాది పొడవునా వస్తుంది. మిర్చి అలా కాదు. కొత్త పంట యార్డులో పోటెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లోనే ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. అక్టోబరులో కావలసిన తేజను అక్టోబరులో ఆర్డరు పెట్టి తెప్పించుకుందామనుకుంటే, అప్పుడు దొరికేది ఇంకొకరు దాచిపెట్టిన ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీది), వాళ్లు చెప్పిన రేటుకు. కొనే నిర్ణయం రేటు చూసి, పంట చూసి, ఎగుమతి ఆర్డర్లు చూసి తీసుకునేది. పొద్దున్నే యార్డులో నాలుగు కాయలు విరిచి గింజ చూసే మనిషిది ఆ నిర్ణయం. అక్కడ "21 రోజుల ముందు 28 టిక్కీలు కొను" అనే చీటీకి అర్థం లేదు.

అలాగని ప్లానింగ్ మానేయాలా? అక్కర్లేదు. మెటీరియల్ మాస్టర్‌లో చాలామంది పట్టించుకోని గడి ఒకటుంది, ఈ సరుకును ఏ పద్ధతిలో ప్లాన్ చేయాలో చెప్పే గడి. శాప్‌లో దీనికి రెండక్షరాల కోడ్‌లుంటాయి: పీడీ అంటే పూర్తి ఎంఆర్‌పీ లెక్క, వీబీ అంటే నిల్వ ఒక గీత కిందికి పడితే కొను, ఎన్‌డీ అంటే నువ్వు కలగజేసుకోకు. ట్యాలీ వాడే చిన్న మిల్లులకూ రీఆర్డర్ లెవెల్, కనీస ఆర్డరు పెట్టుకునే వీలుంది. అన్ని సరుకులకూ ఒకే పద్ధతి పెట్టడమే చాలా చోట్ల జరిగే నష్టం.

మేం చివరికి ఇలా విడగొట్టాం. కవర్లు, లేబుళ్లు పూర్తి లెక్కతో. వాటి వాడకం ప్యాకెట్‌ను బట్టే ఉంటుంది, ఒకదాని బదులు ఇంకోటి వాడలేం. అట్టపెట్టెలు అన్ని రకాలకూ ఒకటే సైజు, రోజుకు సుమారు 100 వాడతాం, 7 రోజులకు వస్తాయి, భయానికి 300. కాబట్టి నిల్వ 1,000కి దిగితే ఆర్డరు. టేపు, దారం, సుతిలీలకు కంప్యూటరే వద్దు: రెండు డబ్బాలు, ఒకటి ఖాళీ అయితే తెప్పించు, అది వచ్చేలోగా రెండోది వాడు.

మిర్చికి మాత్రం రెండు అంచెలు. పై అంచెలో ఏడాదికోసారి, జనవరిలో, అమ్మకాల అంచనాను బీఓఎంతో విడగొట్టి రకానికి ఎన్ని టన్నులు కావాలో యజమానికి ఒక కాగితం ఇస్తాం. ఎప్పుడు, ఏ రేటుకు అనేది ఆయనిష్టం. కింది అంచెలో కోల్డ్ స్టోరేజీనే సప్లయర్ అనుకుంటాం. దానికి లీడ్ టైమ్ ఉంది: లారీ, హమాలీ, చెమ్మ ఆరడం కలిపి 2 రోజులు. ఈ అంచెకు ఎంఆర్‌పీ చక్కగా నడుస్తుంది. ఒక్క మెలిక ఉంది. ఏసీలో ఉన్న సరుకు మీద బ్యాంకు లోన్ తీసుకుని ఉంటే, ఆ మేరకు డబ్బు కట్టి విడుదల కాగితం తెచ్చుకున్నాకే బస్తా కదులుతుంది. మా లెక్కల్లో 2 రోజులని ఉంటే, లోన్ ఉన్న లాట్లకు వారం పట్టేది. సరుకు మనదే, మన ఊళ్లోనే ఉంది, నిల్వలో కనిపిస్తోంది, అయినా మరకు రాదు. ఆ లాట్లను వేరే గోదాము పేరుతో విడిగా చూపించాక గాని ప్లాను దారిలో పడలేదు.

ఒకటే కాయ, మూడు పేర్లు

కోడ్ల గందరగోళం గురించి చాలా రాయొచ్చు, కొంచెమే రాస్తాను. మా రికార్డులో ఒకటే సరుకు "334" అని ఒకసారి, "సన్నం ఎస్4" అని ఒకసారి, "సన్నకాయలు" అని ఇంకోసారి ఎక్కింది. యార్డుకు వెళ్లేవాళ్లు ఒక పేరు, ఎగుమతి చూసేవాళ్లు ఒక పేరు, గోదాములో ఇంకో పేరు. మూడు కోడ్ల కింద మూడు నిల్వలు. ఒకదాంట్లో అయిపోయిందని కంప్యూటర్ కొనమంటుంటే, పక్క కోడ్ కింద నాలుగు టన్నులున్నాయి.

కోడ్‌లోనే అర్థమంతా కుక్కాలని కొందరికి సరదా: మొదటి రెండంకెలు రకం, తర్వాతి ఒక్క అంకె గ్రేడు, ఆపై సంవత్సరం, సైజు. రెండేళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత పదకొండో గ్రేడు వస్తుంది, ఉన్న చోటేమో ఒక్క అంకెకే. కోడు ఉత్త వరస నంబరుగా ఉంటేనే మేలు. రకం, గ్రేడు, సైజు విడి గడుల్లో వెతుక్కునేలా ఉండాలి. పేరు రాయడానికి ఒకే వరస పాటించాలి: సరుకు, రకం, సైజు, ప్యాకింగ్. "కారం, తేజ, 100 గ్రా., కవరు". "కవరు 100 కారం తేజది" అని రాస్తే వెతికేవాడికి దొరకదు, దొరక్కపోతే కొత్త కోడు సృష్టిస్తాడు. డూప్లికేట్లు పుట్టేది అలాగే.

ఎవరి అంకె ఎవరిది

టిక్కీ గొడవ తర్వాత మా మిల్లులో నిజంగా పనికొచ్చిన మార్పు సాఫ్ట్‌వేర్‌లో చేసింది కాదు. ఒక అట్టముక్క మీద ప్రతి గడికీ ఒక మనిషి పేరు రాసుకున్నాం. బస్తా బరువు స్టోర్స్ పెద్దాయనది. తరుగు శాతం మర ఆపరేటర్‌ది. మేనేజర్ చెప్పే 2 శాతం పనికిరాదు, ఎందుకంటే ఆయన చెప్పేది ఆయనకు కావలసిన అంకె. రోజుల గడి కొనుగోళ్లాయనది, కాకపోతే ఆయన నోటి మాట కాదు, గత పది బిల్లుల్లో ఆర్డరు తేదీకీ గేటు తేదీకీ తేడా. సేఫ్టీ స్టాక్ యజమానిది, ఎందుకంటే డబ్బు ఆయనది. టైపు చేసేది ఎవరైనా కావచ్చు.

అన్ని సరుకులనూ ఒకేసారి శుభ్రం చేయబోతే అలసిపోతారు. మాకు దాదాపు పదిహేను వందల కోడ్లుండేవి. ముందు ఖర్చులో ఎక్కువ భాగం తినే ముప్పై నలభై పట్టుకున్నాం, మిర్చి రకాలు, ఫిల్మ్ రోల్స్, నూనె. తర్వాత, గడిచిన ఏడాదిలో ఏ సరుకు లేక లైన్ ఆగిందో ఆ జాబితా. విచిత్రమేమిటంటే ఆ రెండో జాబితాలో ఖరీదైన వస్తువులు దాదాపు లేవు. తేదీ ముద్రించే ఇంకు, సీలింగ్ మెషిన్ టెఫ్లాన్ టేపు లాంటివే ఉన్నాయి. మిగతా వాటిలో రెండేళ్లుగా కదలని కోడ్లన్నీ మూసేశాం. దాంతోనే సగం తగ్గాయి.

మూసేయడానికీ ఒక గడి ఉంటుంది. ఇందాక చెప్పిన 300 కిలోల ఫిల్మ్ సంగతి ఇప్పుడు చెబుతాను. మా 100 గ్రాముల ప్యాకెట్ కవరు మీద అచ్చు వేయాల్సిన వివరాల్లో ఒకటి మారింది. కొత్త డిజైన్‌కు కొత్త కోడు పెట్టాం, బీఓఎంలో కొత్త కవరు చేర్చాం. పాత కవరు ఏ తేదీతో ఆగుతుందో, కొత్తది ఏ తేదీన మొదలవుతుందో రాయలేదు. రాసి ఉంటే, ఉన్న పాత ఫిల్మ్ అయిపోయేదాకా వాడుకుని అప్పుడు మారేవాళ్లం. అందుకు గడువు కూడా ఉంది. కొత్త రోల్స్ రాగానే వాటినే ఎక్కించారు, చూస్తుండగానే గడువు దాటిపోయింది. 70 కిలోల పాత ఫిల్మ్ మిగిలింది. దాన్ని ఇప్పుడు దేనికీ వాడకూడదు, తుక్కు కింద అమ్మినా దానిమీద మన బ్రాండు పేరుంది, ముక్కలు చేయించాలి. ఆ రోల్స్ ఇంకా అటక మీదే ఉన్నాయి. పాత కోడ్ దగ్గర "వాడొద్దు" అని టిక్ పెట్టేదాకా, ప్రతి సోమవారం ప్లానింగ్ రన్ చేసినప్పుడల్లా, 70 కిలోలు ఉన్నాయిగా, కవరు కొనక్కర్లేదు అని కంప్యూటర్ చెబుతూనే ఉంది.